దూది పెట్టె

గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. ఆమె మూత ఎత్తి చూడలేదు. లోపల గింజలు ఒకదాన్నొకటి తోసుకుంటున్న చప్పుడు వింటూనే, తలుపు వెనక తగిలించిన సంచి తీసి, దబ్బనం, మైనం ముద్ద అందులో ఉన్నాయో లేవో తడిమి చూసుకుంది. చప్పుడు చిక్కబడింది. టక్కున పొయ్యి కట్టేసి, రెండు గుడ్డపేలికలతో గిన్నె పట్టుకుని వంటింటి మూలనున్న చెక్కపెట్టె దగ్గరికి నడిచింది.

ఒకప్పుడు పళ్ళు వచ్చిన పెట్టె అది. పైనున్న బొమ్మ అరిగి అరిగి ఇప్పుడు ఒక్క ఆకు మిగిలింది. లోపల అడుగునా చుట్టూతా దూది దట్టించి కుట్టిన మెత్తలు. వాటి మధ్య గిన్నెను కూర్చోబెట్టి, పైన లావుపాటి మెత్త కప్పి, అంచుల వెంబడి అదిమి, మూత వేసి, మూత మీద ఇటుక పెట్టింది. ఇక గింజలూ దుంపలూ వాటంతట అవే ఉడుకుతాయి. ఆమె వచ్చి ఇటుక దించేదాకా ఆ మూత ఎవరూ ముట్టుకోకూడదు. తీస్తే వేడి పోతుంది. కొడుకు బడికెళ్ళే రోజుల నుంచీ ఆ ఇంట్లో ఇదే చట్టం.

"అమ్మా, సాయంత్రం పాత సామాన్లవాణ్ణి రమ్మన్నాను," అన్నాడు కొడుకు కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఈ పెట్టె ఇచ్చేస్తున్నా."

"నన్నూ తూకం వేయించు. కిలో ఎంతకి తీసుకుంటాడో చూద్దాం."

పక్క గదిలోంచి కోడలి నవ్వు కిసుక్కున వినిపించి ఆగిపోయింది.

"నవ్వులాట కాదమ్మా. మొన్న మా ఆఫీసు వాళ్ళొచ్చి, లోపల కోడిని పొదగేశారా అని అడిగారు."

"పిల్లలు దిగితే తలా ఒకటి ఇస్తానని చెప్పకపోయావా?"

కొడుకు గూట్లోకి చూశాడు. జీతం పెరిగినప్పుడు అతను కొన్న కరెంటు కుక్కరు అక్కడ అట్టపెట్టెలోనే ఉంది. దాని మీద ఉల్లిపాయలు ఆరబోసి ఉన్నాయి.

"నేను సంపాదిస్తున్నాను కదా. ఇంకా ఈ అగచాట్లు దేనికి? చూసినవాళ్ళు నిన్ను సరిగ్గా చూసుకోవడం లేదనుకుంటారు."

"అనుకోనీ. వాళ్ళు అనుకోవడానికి మన గ్యాసు ఖర్చవదు." ఆమె చేతులు తుడుచుకుంది. "ధర పెంచేవాడు నన్నడిగి పెంచాడా? నా పొయ్యి కట్టేసుకోవడానికి నేనూ ఎవర్నీ అడగను."

"అయితే పందెం. సాయంత్రానికి ఆ గిన్నె పొగలు కక్కుతూ ఉండాలి. లేకపోతే పెట్టె బండెక్కుతుంది."

"కక్కితే?"

"ఇంకెప్పుడూ పెట్టె మాటెత్తను."

"చాలదు. గిన్నె నువ్వు తోమాలి. అడుగంటిందని నీ పెళ్ళాం చేతికిచ్చావో, ఊరుకోను."

"నేను సాక్షిని అత్తయ్యా," అంటూ కోడలు జడ అల్లుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వు వాడి మనిషివి. ఇటుక సాక్షి చాలు నాకు."

బయల్దేరేముందు వంగి పెట్టె పక్కన చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. బయట చల్లగా ఉందంటే లోపల వేడి భద్రంగా ఉన్నట్టు. తృప్తిగా తలాడించి, పనికి నడిచింది.

ఆమె పని పరుపుల దుకాణంలో. వెనక గదిలో ఒకతను దూది ఏకుతాడు. పొద్దుగూకేసరికి కనుబొమలతో సహా తెల్లబడిపోతాడు కనక అందరూ అతన్ని మబ్బు అంటారు. అతను ఏకిన దూది సంచుల్లోకి కూరితే, మూతులు కుట్టేది ఆమె. ముక్కుకి గుడ్డ కట్టుకుని, కాళ్ళు బారజాపి, పరుపును ఒళ్ళోకి లాక్కుని కుడుతుంది. దబ్బనం నెట్టీ నెట్టీ చూపుడువేలు ఒక పక్కకి వంగిపోయింది. ఏదన్నా చూపించినప్పుడు ఆ వేలు పక్కనున్నదాన్ని చూపిస్తుందని మబ్బు వేళాకోళం.

"ఏం పిసినారి పిన్నీ, ఇవాళ దారాన్ని అలా లాగేస్తున్నావు?"

"పెట్టె మీద పందెం పడింది."

"ఓడిపోతేనో?"

"మనకి ఓడిపోయే అలవాటు లేదు. ఖరీదెక్కువ."

మబ్బు నవ్వితే గదంతా దూది లేచింది.

పిసినారి అన్న మాట ఆమెను ఎప్పుడూ బాధపెట్టలేదు. అరిగిన సబ్బుముక్కని కొత్తదానికి అంటిస్తుంది. బజారు సర్దుకునే వేళకి వెళ్ళి కూరలు తెస్తుంది. చిరిగిన దుప్పటిని నడిమికి చీల్చి, అంచులు లోపలికి వచ్చేలా తిప్పి కుట్టి మళ్ళీ పరుస్తుంది. కానీ బడిలో పిల్లాడికి నల్లబల్ల ఆనడం లేదని తెలిసిన రోజున, బేరమాడకుండా కళ్ళజోడు కొంది. ఒక చోట బిగించింది మరో చోట వదలడానికేనని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఊరందరికీ విడమరిచి చెప్పే ఓపిక లేదు.

భర్త పోయిన ఏడాది చలికాలంలో, తెచ్చుకున్న అన్నం డబ్బా దూదికుప్పలో ఎక్కడో కూరుకుపోయింది. మధ్యాహ్నం పస్తు ఉండిపోయింది. సాయంత్రం కుప్ప కదిపితే డబ్బా చెయ్యి కాల్చింది. ఆమె అక్కడే కూలబడి, ఆ డబ్బాను చాలాసేపు ఒళ్ళో పెట్టుకుంది. చలిని రానివ్వని దూది వేడినీ పోనివ్వదు. ఈ ముక్క ఇన్నేళ్ళూ తన ఒళ్ళోనే ఉండి తనకే తట్టలేదు. యజమానిని అడిగి ఊడ్చిన దూది సంచికెత్తుకుని, దారిలో పళ్ళ దుకాణం వాణ్ణి ఒక పెట్టె ఇమ్మంది.

ఆ నెలాఖరున గ్యాసు నిండుకోవచ్చింది. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి, "మీ పొయ్యి చప్పుడే లేదేం? పాపం, పిల్లాణ్ణి మా ఇంటికి పంపకపోయారా," అంది. ఆ పాపం అన్న మాట ఆమెకు రాయిలా తగిలింది. ఇటుక దించి, మూత తీసింది. ఆవిరి ఎదురింటావిడ మొహం నిండా కొట్టింది. "మీరే కూర్చోండి, తిని వెళ్దురుగాని," అంది ఆమె. ఎదురింటావిడ నిజంగానే కూర్చుని తిన్నది. ఆ రోజుకి తను మంచినీళ్ళతో సరిపెట్టుకున్నా, అంత కడుపు నిండిన రోజు మళ్ళీ లేదు.

మధ్యాహ్నం దాటాక దబ్బనం చేతిలోంచి జారింది. తీయబోతే ఎడమచెయ్యి తనది కానట్టుంది. నుదురంతా చెమట.

"పిన్నీ, ఇంటికెళ్ళు. నేను చెప్పుకుంటాలే," అన్నాడు మబ్బు.

"సగం కుట్టిన పరుపు మీద నువ్వు పడుకుంటావా?"

మూతి చివరిదాకా కుట్టింది. ముడి వేసి, దారం పంటితో కొరికింది. అప్పుడు లేచింది.

రోజూ నడిచి వెళ్ళే మనిషి ఆ రోజు బస్సెక్కింది. టిక్కెట్టు కొన్నాక, ఎలాగూ డబ్బిచ్చాం కదా అని కిటికీ పక్క సీటు చూసుకుని మరీ కూర్చుంది. తను నడిచే వీధులన్నీ వెనక్కి పోతుంటే, వాటిని గెలిచినట్టు చూసింది.

ఇల్లు చేరి, పెట్టె పక్కన పీట వాల్చుకుంది. ఇటుక పెట్టినచోటే ఉంది. చెక్క మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. "తోముదువుగాని రా నాయనా," అని, తల పెట్టెకు ఆనించి కళ్ళు మూసుకుంది.

కోడలు ముందు వచ్చింది. అత్తగారు కునుకు తీస్తోందనుకుని చప్పుడు చేయకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళింది. తర్వాత కొడుకు వచ్చాడు.

"చూశావా, నేను ముందే మూత తీసేస్తానని కాపలా!" గుసగుసగా అన్నాడు.

"ఆకలేస్తోంది. లేపనా?"

"వద్దు, తిడుతుంది. తనే లేచి తీస్తుందిలే."

ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చుని, నవ్వు ఆపుకుంటూ, ఆమె లేవడం కోసం ఎదురుచూశారు. పాత సామాన్లవాడు వచ్చి తలుపు కొట్టాడు. ఆ చప్పుడుకీ ఆమె కదలలేదు. కొడుకు వెళ్ళి వంగి, "అమ్మా, లే. పందెం తేల్చాలి," అని చెయ్యి పట్టుకున్నాడు.

పట్టుకుని, అలాగే ఉండిపోయాడు.

పాత సామాన్లవాడు గుమ్మంలోంచే చూసి, కేక వేయకుండా బండి తోసుకుని వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో ఎంతోసేపు పట్టలేదు. అప్పగించడం, మిగతావన్నీ పొద్దున్నే అన్నారు. వీధి దీపాలు వెలిగే వేళకి ఆమె లేకుండా వాళ్ళిద్దరూ ఇంటికి వచ్చారు. ఇరుగుపొరుగు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. మబ్బు దుకాణం నుంచి తిన్నగా వచ్చాడు, ఒంటి మీది దూది కూడా దులుపుకోలేదు.

కోడలే గుర్తు చేసింది. "పెట్టె..."

కొడుకు ఇటుక రెండు చేతులతో ఎత్తి కింద పెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. మూత తీశాడు. మెత్త తొలగించి, గిన్నె మీది పళ్ళెం ఎత్తాడు. ఆవిరి లేచి కళ్ళజోడు తెల్లగా కమ్మేసింది. అతను తుడుచుకోలేదు.

వచ్చినవాళ్ళందరికీ తలా కాస్త పెట్టారు. గింజ గింజ మెత్తగా ఉడికింది. నోరు కాలిందని మబ్బు కళ్ళు తుడుచుకున్నాడు.

ఎదురింటావిడ ఖాళీ గిన్నె అందుకోబోయింది. "ఇలా ఇయ్యి బాబూ, నేను తోముతాను."

"వద్దండీ," అన్నాడతను, చొక్కా చేతులు మడుచుకుంటూ. "ఓడిపోయింది నేను."

మూలన పెట్టె తెరిచే ఉంది. మెత్తల నడుమ గిన్నె కూర్చున్నంత మేర గుండ్రటి గుంట, ఇంకా వెచ్చగా.