ఈరక్క కొట్టిన టెంకాయ

రొళ్ల దగ్గరి తన చేలో ఈరక్క వేసేది వేలెడంత గెర్కిన్ దోసకాయలు. అవి సీసాలకెక్కి యూరప్ పోతాయి. వేరుశనగ వరసగా చేతికి రాకపోయేసరికి ఈ పంటనే నమ్ముకుంది. కాయలో వద్దన్న పురుగుమందు తేలిందా, విత్తనమిచ్చి కాయలు కొనే కంపెనీ మళ్ళీ విత్తనం ఇవ్వదు. ఆమె భయమంతా అదే.

హిందూపురం నుంచి బైకు మీద వచ్చే కంపెనీ మనిషి ఉమేష్ ఆ ఏడాదంతా యూరోపియన్ యూనియన్ కబుర్లే మోసుకొచ్చాడు. చలికాలంలో అక్కడి రైతులు ట్రాక్టర్లు అడ్డంపెట్టి రోడ్లు మూసేసిన వీడియో చూపించాడు. పురుగుమందులు సగానికి తగ్గించాలని తేబోయిన చట్టాన్ని, అక్కడి సర్కారు లాంటి కమిషన్ వెనక్కి తీసుకుందనగానే ఈరక్క పొంగిపోయింది. రైతు గెలవడమంటే మాటలా! ఆయుధపూజకు కొట్టినట్టు, పక్కచేను ట్రాక్టరు ముందు వాళ్ళ పేరున టెంకాయ కొట్టింది.

ఎండాకాలం పోతూ పోతూ యూరప్‌లో ఎన్నికలొచ్చాయి. "రైతుల పక్కన మాట్లాడేటోళ్ళకి సీట్లు పెరిగినాయక్కా" అన్నాడు ఉమేష్. ఇంకేం, చట్టం మన పక్కే, ఇక ఏ మందైనా కొట్టొచ్చు అనుకుంది. వానలకు తీగల్లో పురుగు పడగానే అటక మీద దాచిన, కంపెనీ వద్దన్న పాత మందు దించి కొట్టేసింది.

కోత రోజు ఆ మాట నవ్వుతూ చెప్పింది. ఉమేష్ ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేసినావక్కా! ఆ చట్టం వాళ్ళ చేలకి. మన కాయకి రూలు మారలే. పైగా ఆ ట్రాక్టర్లోళ్ళు ఇంగోటి అడిగినారు. తమకి వద్దన్న మందు కొట్టిన సరుకు బయట్నించి రానీయొద్దని."

ఈరక్క గట్టు మీద కూలబడింది. టెంకాయ కొట్టింది వీళ్ళకా! ఒళ్ళు మండిపోయింది. అంతలోనే ఆ కోపమూ నిలవలేదు. వాళ్ళ చోట తానున్నా అదే అడిగేది, ట్రాక్టరెక్కి మరీ అడిగేది.

ఉమేష్ గొంతు తగ్గించాడు. "నేను విన్లేదనుకుంటా. ఊరోళ్ళ కాయల్లో కలిపెయ్."

"వద్దప్పా. తేలితే అందరి కాయా వాపసొస్తాది."

సంచులన్నీ తనే గుంతలో కుమ్మరించింది. ఏడుస్తూనే మట్టి కప్పింది.

డిసెంబర్లో ఆమె ఉలవలు పీకుతుంటే ఉమేష్ దారిలో బైకు ఆపాడు. కాయ పోయనందుకు కంపెనీ ఆమెకు విత్తనం ఆపేసింది; అతని దగ్గర ఉన్నది కబురే.

"ఆడ కొత్త కమిషన్ వచ్చినాదక్కా."

"రైతులకి మంచిదేనా?"

"ఇప్పుడే చెప్పలేం."

ఈరక్క నడుం నిమురుకుంటూ లేచింది. "ఆ రైతులు మళ్ళీ గెలిస్తే వచ్చి చెప్పప్పా. సంతోషపడతా. టెంకాయ మాత్రం కొట్టను."