పుట్టింటి కట్టెలు

ఆగస్టు ఇంకా సగమే గడిచింది. చిహో పొద్దున్నే వంటింటి తలుపు జరిపి, పెరటి వెనక కొండను చూసి చప్పట్లు కొట్టింది.

"తాతయ్యా, త్వరగా రండి! మన కొండకి అప్పుడే ఆకులు పండే కాలం వచ్చేసింది. పచ్చటి చెట్ల మధ్య ఎర్రగా ఎంత ముద్దొస్తున్నాయో!"

వసంతంలో రియోహేను పెళ్లాడి జపాన్‌లోని యమగత కొండల్లో ఉన్న ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమెకు అన్నీ పండగలే. సోయా ముద్దతో కాచిన మిసో పులుసులో తేలే పుట్టగొడుగు ముక్క, ఆరిన దుప్పటిలోని ఎండ వాసన, పనికి వెళ్తూ మలుపు దగ్గర భర్త వెనక్కి తిరిగే తీరు. "నీకు వాన పడినా నవ్వే, వెలిసినా నవ్వే" అని భర్త తాతగారు తోకుజో మురిసిపోయేవాడు.

ఈసారి ఆయన నవ్వలేదు. చేతిలోని గిన్నె దించి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే కొండెక్కాడు. చిహో వెంట పరుగెత్తింది.

కొండమీది ఓక్ చెట్లలోకెల్లా పెద్దది బామ్మగారి చెట్టు. బతుకుతెరువుకి బొగ్గులు కాల్చే రోజుల్లో తాత, బామ్మ ఇద్దరూ దాని కిందే కూర్చుని అన్నం ముద్దలు తినేవారు. ఆమె పోయాక ఆయన ఆ కొండమీద గొడ్డలి పడనివ్వలేదు. ఇప్పుడు ఆ చెట్టు ఆకులన్నీ ఎర్రబడి, రాలకుండా వేలాడుతున్నాయి. చెట్టు మొదలు చుట్టూ పిండి పోసినట్టు రంపపు పొట్టు. బెరడు నిండా సన్నటి రంధ్రాలు.

"ఇది ఆకులు పండటం కాదు తల్లీ, దాహంతో చావడం. పెంకుపురుగు మానులోకి తొలుచుకుపోతూ బూజును మోసుకెళ్తుంది. అది పట్టాక నీళ్లు పైకెక్కవు."

"ఎక్కణ్ణుంచి వచ్చింది తాతయ్యా?"

"అదే తెలీడం లేదు. మన లోయలో ఎప్పుడూ లేదు. నిరుడు మీ ఊరివైపు ఉందని విన్నాను."

చిహోకి పెరట్లోని కట్టెలు గుర్తొచ్చాయి. కూతురి కొత్త పొయ్యిలో మొదటి చలికాలం పుట్టింటి కట్టె వెలగాలన్నది వాళ్ల ఊరి ఆనవాయితీ. నిరుడు నిలువునా ఎండిపోయిన ఓక్‌ను కొట్టించి, పెళ్లప్పుడు నాన్న లారీకెత్తించాడు. "ఎలాగూ చచ్చిందేగా, నీ ఇంటినైనా వెచ్చగా ఉంచుతుంది" అన్నాడు. ఆ కట్టెల్ని పెరట్లో ఆమే ముచ్చటగా పేర్చుకుంది.

మేలు చేస్తున్నామనుకుంటూనే మనం ఎంత కీడు మోసుకెళ్తామో మనలో ఎందరికి తెలుసు?

ఆమె కిందికి పరుగెత్తి చూసింది. కట్టెల నిండా అవే రంధ్రాలు. పురుగులు ఎప్పుడో ఎగిరిపోయాయి.

"నేనే తెచ్చాను తాతయ్యా. బామ్మగారి చెట్టుని నేనే..."

వెనకే దిగివచ్చిన ముసలాయన కుప్పలోంచి ఓ కట్టె తీసి రంధ్రాల్ని వేలితో తడిమాడు.

"నువ్వూ మీ నాన్నా తెలియక చేశారు. నేను తెలిసీ చేశాను. అదనుకి నరికితే మోడు మళ్లీ చిగురిస్తుంది. సన్నటి మానుల జోలికి ఈ పురుగు అంతగా పోదు. మీ బామ్మ గుర్తని నేను అన్నిటినీ లావెక్కనిచ్చాను. ఆ పురుగుకి విందు వడ్డించింది నేనే."

మంచు పడకముందే బామ్మగారి చెట్టు నేలకొరిగింది. తాత పాత బొగ్గుల బట్టీని బాగుచేసి, అక్కడికక్కడే కాల్చడం మొదలుపెట్టాడు. పొగ కళ్లలోకి పోయిందని మాటిమాటికీ మొహం తుడుచుకున్నాడు. గాలి మాత్రం అటు వీయడం లేదు.

పొరుగింటి కనేమోరి చిన్న వ్యాను తెచ్చి ఆపాడు.

"ఏం పెద్దాయనా, కొండంత కట్టె మీరొక్కరే కాల్చేస్తారా? పక్క లోయలోని మా అల్లుడికి ఓ బండెడు పంపుతాను. కొత్త కోడలు పిసినారి కాదుగా!"

తాత నోరు తెరిచేలోగా చిహో వ్యానుకు అడ్డంగా నిలబడింది.

"పిసినారినే బాబాయ్. పుల్ల కూడా ఇవ్వను. చలేస్తే మా పొయ్యి దగ్గరికి రండి, వేడి పులుసు పోస్తాను."

"చచ్చిన చెట్టేగా అమ్మాయ్!"

"మా నాన్నా అదే అన్నాడు" అంది చిహో, కన్నీళ్లు తుడుచుకోకుండానే. "తెగులుతో చచ్చిన చెట్టు చచ్చిన చోటే కాలాలి బాబాయ్. ఎంత ప్రేమతో పంపినా, దాంతో పక్క అడవికి పంపేది చావునే."