సెఖోబే పాటకి నాలుగు కాపీలు

శనివారం పొద్దున పదిన్నరకి లెక్కల టీచరు మాలినెయో బడిలో కంప్యూటర్ తెరిచింది. ఆమె వెనక ఊరి క్వయర్ మొత్తం, ఇరవై మంది పాటగాళ్ళు, దుప్పట్లు భుజాన వేసుకుని నిలబడ్డారు. పక్కన స్టూలు మీద సెఖోబే.

"తాతా, ఆ కాలు ఊపడం ఆపు. బల్ల కదులుతోంది," అంది మాలినెయో.

ఆపాడు. కాసేపటికి కాలు తనంతట తనే మళ్ళీ మొదలెట్టింది.

ఊగదూ మరి! ముప్పై ఎనిమిదేళ్ళు మిషను అచ్చాఫీసులో కంపోజిటర్‌గా చేశాడు. సరిగమల్లాంటి దో, రే, మీ, లా స్వరాల అక్షరాలూ, మధ్యలో తాళం చుక్కలూ, నాలుగు గొంతులకి నాలుగు వరసలూ, అన్నీ సీసంలో చేత్తో పేర్చాడు. ఊళ్ళ మీద ఎంతమంది పాటలు కట్టారో, వాళ్ళందరి పేర్లూ పేర్చాడు. తన పేరు పేర్చుకోలేదు. పేర్చడానికి తనకో పాట ఉంటేగా. డెబ్భై ఒకటో ఏట, పోయిన చలికాలం, గొర్రెల దొడ్డి గోడ మీద కూర్చుని ఒకటి కట్టాడు. క్వయర్ విని విని నేర్చుకుంది. జిల్లా పోటీకి పెట్టాల్సిందే అని పట్టుబట్టింది.

పోటీవాళ్ళు చేతిరాత తీసుకోరు. అచ్చులో నాలుగు కాపీలు కావాలి. కాయితాలు తీసుకునే కార్యదర్శి చర్చి అరుగు మీదే ఉన్నాడు. మూడు గంటల బస్సుకి వెళ్ళిపోతాడు. మళ్ళీ పోటీ రెండేళ్ళకి. డెబ్భై ఒకటికి రెండేళ్ళంటే చిన్న మాట కాదు.

సీసపు అక్షరాలు ఎప్పుడో కరిగించేశారు. మాలినెయో దగ్గర టెక్ అని అచ్చు కూర్చే ప్రోగ్రాం ఉంది. పరీక్ష పేపర్లు అందులోనే చేస్తుంది. దానికి లెక్కలు వచ్చు, పాటలు రావు. పాటలు రావాలంటే ఎవరో పుణ్యాత్ములు తయారుచేసిన ప్యాకేజీ తెచ్చి అందులో పెట్టాలి.

బడిలో సిగ్నల్ లేదు. కొండ మీద బండరాయి ఎక్కితే ఫోన్లు పలుకుతాయి. అడుగు గొంతు పాడే మగవాళ్ళకి పెద్ద మొఖేతి. అతనే పరుగున వెళ్ళి, ప్యాకేజీ ఫోనులోకి దింపుకుని, రొప్పుతూ వచ్చాడు.

మాలినెయో దాన్ని పెట్టింది. సెఖోబే చేతిరాత చూస్తూ పాట మొత్తం కొట్టి నడిపించింది. తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది.

"ఏమంటోంది?" అన్నారు అందరూ ఒక్కసారే.

"ఇది పనిచెయ్యాలంటే ఇంకో ప్యాకేజీ కావాలంట."

మొఖేతి మళ్ళీ కొండెక్కాడు. అది తెస్తే, దానికి మరొకటి కావాలంది.

"కొత్తకోడలు కాపురానికొస్తూ పుట్టింటివాళ్ళందర్నీ వెంటేసుకొచ్చినట్టుందే!" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. క్వయర్ పగలబడి నవ్వింది. సెఖోబే నవ్వలేదు. గోడ గడియారం పన్నెండు దాటింది.

మొఖేతి ఫోనులో డేటా అయిపోయింది. అప్పుడు మాలినెయో కావలసినవన్నీ ఒకేసారి చదివి కాయితం మీద రాసింది. ఇంకా నాలుగున్నాయి, చివరిది పెద్దది, అక్షరాల మూట.

"పైగొంతు ఆడవాళ్ళు మొదటిది. కిందిగొంతు ఆడవాళ్ళు రెండోది. పైగొంతు మగవాళ్ళు మూడోది. అడుగు గొంతు వాళ్ళకి బరువైంది."

"ఎప్పుడూ బరువు మాకేనా!" అన్నాడు మొఖేతి.

"పాడేటప్పుడు మొయ్యరుగా, ఇప్పుడు మొయ్యండి!" అంది మాలినెయో.

కేకలు వేసుకుంటూ ఇరవై మందీ కొండెక్కారు. సెఖోబే గుమ్మంలో నిలబడి చూశాడు. బండ మీద చేతులన్నీ ఫోన్లతో ఆకాశంలోకి లేచి ఉన్నాయి. తన పాట కోసం.

ఒంటిగంటన్నరకి నాలుగూ వచ్చాయి. మాలినెయో ఒక్కోటీ విప్పి, వాటి వాటి చోట్లలో పెట్టి, మళ్ళీ నడిపించింది.

ఎర్ర వరస. ఫైలు కనబడలేదు.

"ఎందుకు కనబడదు? ఇదిగో, ఇక్కడే ఉందిగా!" తెర మీద వేలితో పొడిచింది. తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర వరస. ఒకావిడ ప్రార్థన మొదలెట్టింది.

సెఖోబే నెమ్మదిగా అడిగాడు. "అది అర అరా వెతుకుతుందా, పట్టీ చూసుకుంటుందా?"

"ఏ పట్టీ, తాతా?"

"మా దగ్గర కొత్త అక్షరాల పెట్టె వస్తే మేస్త్రీ గోడ మీది పట్టీలో రాసేవాడు. రాయకపోతే ఎదురుగా ఉన్నా ఎవడూ చెయ్యి పెట్టడు. మేం చూసేది పట్టీనే."

మాలినెయో నుదురు కొట్టుకుంది. "పట్టీ తిరగరాయమని చెప్పనేలేదు!" ఒక్క మాట కొట్టింది. తెర మీద పేర్లు జలజలా పరుగెత్తాయి. మళ్ళీ నడిపించింది.

ఎర్రది రాలేదు. పేజీ వచ్చింది.

నాలుగు గొంతులకీ నాలుగు వరసలు. చుక్క కింద చుక్క, గీత కింద గీత, ఒక్కటీ జరగలేదు. పైన పాట పేరు, దాని కింద సెఖోబే పేరు. క్వయర్ అరిచిన అరుపుకి బయట కట్టిన గుర్రం బెదిరింది. సెఖోబే అద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకుని వేలితో వరస వెంట వరస చదివాడు. ప్రూఫు చదవకుండా అచ్చుకి వదిలే అలవాటు అతనికి లేదు.

"పాడండి. చూసి పాడండి."

పాడారు. పాట మూడో పాదం చివర సెఖోబే చెయ్యెత్తాడు.

"అడుగు గొంతు. అక్కడ దో ఉంది. మీరు లా పాడారు."

"మూడు నెల్లనుంచీ అదే పాడుతున్నాం," అన్నాడు మొఖేతి.

"మూడు నెల్లనుంచీ తప్పు పాడుతున్నారా!" ఆడవాళ్ళు విరుచుకుపడ్డారు. సెఖోబే ఎప్పుడూ ఆడవాళ్ళ పక్కనే నిలబడేవాడు. మగవాళ్ళ వైపుండే చెవిని అచ్చు యంత్రం మోత ఏనాడో తినేసింది.

"పోటీ ఇంకో రెండు వారాలుందిగా, దిద్దుకుంటాం," అన్నాడు మొఖేతి తల దించుకుని.

రెండున్నరయింది. "ముందు మీది పాడండి," అన్నాడు సెఖోబే. ఈసారి వాళ్ళ మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు. పాడారు. తర్వాత తనది పాడించాడు. తనది దో మీద చక్కగా కూర్చుంది. అక్కడికి పాట అయిపోయినట్టే ఉంది. వాళ్ళ లా మీద మాత్రం ఇంకేదో చెప్పాల్సింది మిగిలినట్టు, నాలుగో పాదం దానంతటదే పైకి లేచింది.

ముసలాడు మాలినెయో వైపు తిరిగాడు.

"అమ్మాయ్, దో తీసెయ్. లా పెట్టు."

"నిజంగానా తాతా?"

"పెట్టమన్నానుగా! బస్సు పోతుంది."

ప్రింటరు నాలుగు కాపీలు కక్కేసరికి మూడుకి పది నిమిషాలు. వేడి కాయితాలు గుండెకి హత్తుకుని సెఖోబే వీధిలో పరుగెత్తాడు. వెనక ఇరవై మంది. బస్సు ఇంజను మోగుతోంది. మెట్టు మీద కాలు పెట్టిన కార్యదర్శి ఆగి, కాపీలు నాలుగూ చూసుకుని, మొదటి దానిలో అడుగు గొంతు వరసని పెదాల కింద సన్నగా పాడుకున్నాడు. మూడో పాదం చివర ఆగాడు.

"భలే ఉందే ఈ లా! ఎవరి ఆలోచన ఇది?"

"నాదే," అన్నాడు సెఖోబే.

"తాతా!" అని మొఖేతి అరిచిన అరుపు బస్సు హారన్‌ని మించి వినబడింది.