షేక్‌హ్యాండ్ ఇవ్వని మనిషి

పోపు ఘాటుకి తుమ్మిన అయిదేళ్ళ కొడుకు కళ్ళు మూతబడి, మళ్ళీ తెరుచుకోకపోవడం దానమ్మ చూసింది.

"రెప్పలు రావట్లేదే అమ్మా" అన్నాడు కృపానందం, ఏడవకుండా, రోజూ ఉండేదే అన్నట్టు. ఆ రెప్పలు మెల్లగా విడిపడేలోగా పొయ్యి మీద పోపు మాడిపోయింది.

అప్పటిదాకా ఆమెకి వాడి కాళ్ళ బెంగే ఉండేది. కూర్చున్నవాడు లేస్తే కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయేవి. నాలుగడుగులు పడ్డాక మాత్రం అందరిలాగే పరిగెత్తేవాడు. అందుకే అత్తగారు సువార్తమ్మ దాన్ని నాటకమని తేల్చేసింది. "నువ్వు చంక దించితేగా వాడు నడిచేది. మీ మంగళగిరోళ్ళకి ఒళ్ళొంగదు, అదే వచ్చింది" అనేది. నీళ్ళు మోసేదీ, వండి వార్చేదీ, పిల్లాడి కాళ్ళకి నూనె పట్టించి బడిదాకా ఎత్తుకెళ్ళేదీ దానమ్మే. ఒళ్ళొంగనిదీ ఆమే. ఆదివారం ఆరాధన కాగానే వాణ్ణి మైలవరం తీసుకుపోయి, తన దగ్గరే ఉంచుకుని, ఎండలో పరిగెత్తించి దారికి తెస్తానంది అత్తగారు. భర్త ఇశ్రాయేలు మాస్టారు పేపరు మడిచి, "అమ్మ చెప్పింది కదా" అని ఊరుకున్నాడు.

రెప్పల సంగతి చూశాక దానమ్మ ఎవర్నీ అడగలేదు. శనివారం భవానీపురంలో రిక్షా మాట్లాడుకుని పిల్లల డాక్టరు రాజ్యలక్ష్మి గారి దగ్గరికి బయల్దేరింది. నలుగురూ ఏమనుకుంటారోనని మాస్టారూ ఎక్కాడు.

డాక్టరు గారు పిల్లాడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో చిన్న సుత్తితో తట్టారు. వేలు లోపలికి ముడుచుకుని అలాగే ఉండిపోయింది. పిడికిలి బిగించి విప్పమంటే, జిగురంటినట్టు ఒక్కో వేలే వచ్చింది. మళ్ళీ మళ్ళీ చేయించారు. చేసేకొద్దీ సులువైంది.

"బిగిసిన కండ వెంటనే వదలదమ్మా. పుట్టుకతో వచ్చే జబ్బు. ఇన్నాళ్ళూ పుస్తకంలో చదవడమే, చూడటం ఇదే. ప్రాణభయం లేదు. తొందరపెడితే మాత్రం పడిపోతాడు. తల్లికో తండ్రికో ఉండి ఉండాలి" అంటూ దానమ్మ పిడికిలీ బిగించి విప్పమని చూశారు. చటుక్కున విచ్చుకుంది. "నీ నుంచి కాదు, నీ పెంపకమూ కాదు. నువ్వు కనిపెట్టావు గనక తెలిసింది."

ఆ మాట ఆమెతో ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది. కన్నీళ్ళు తుడుచుకుని తలెత్తితే, గుమ్మం దగ్గర చేతులు వెనక్కి దాచుకుని మాస్టారు కనిపించాడు.

చర్చిలో అందరూ చేతులు కలుపుకుంటుంటే ఆయనొక్కడే దూరంగా నిలబడి, రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పేవాడు. ఎంత వినయమోనని సంఘమంతా మెచ్చుకునేది. పెళ్ళినాడు పాస్టరు గారు కలిపిన ఆమె చెయ్యిని మాత్రం ఎంతకీ వదల్లేదు. ఆడవాళ్ళు నవ్వారు. ఎన్ని మాటలు పడ్డా దానమ్మ ఆ పట్టునే తలుచుకుని బతికింది.

"ఏవండీ, డాక్టరు గారికి షేక్‌హ్యాండ్ ఇవ్వండి" అంది నెమ్మదిగా.

ఆయన కదల్లేదు. డాక్టరు గారే చెయ్యి చాచారు. తప్పక పట్టుకున్నాడు. ఆ వేళ్ళు వాటంతటవి విడిపడేదాకా ఆవిడ చెయ్యి లాక్కోకుండా ఓపిగ్గా నిలబడ్డారు. ఆ ఓపిక చూసి దానమ్మకి కోపం కంటే ముందు కృతజ్ఞతే ముంచుకొచ్చింది. పిల్లాణ్ణి చంక దించి తండ్రి చేతికిచ్చింది.

"నాకు చిన్నప్పట్నుంచీ ఉంది దానమ్మా" అన్నాడు మాస్టారు. "నన్నూ అమ్మ ఎండలో పరిగెత్తించింది. తగ్గిందనుకుంది. దాచుకోవడం నేర్చుకున్నానంతే. వీడికీ అదేనని తెలుస్తానే ఉంది. నిన్నంటుంటే విని ఊరుకున్నా. వీడు మైలవరం వెళ్ళడు, అమ్మకి నేనే చెబుతా. పెళ్ళినాడు నీ చెయ్యి... వదలాలనే చూశా. వేళ్ళు రాలా."