సెల్లులు లేని వైర్‌లెస్

మీటరు ఎక్కడ బిగించుకుంటే చదివేవాడికి అందదో మన జనానికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇరవై ఏళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివినవాణ్ని, నా మాట నమ్మండి. ఒకరిది కోళ్ల గూటి పైన ఉంటుంది, ఒకరిది వడ్ల బస్తాల వెనుక. వీళ్లందరినీ మించినవాడు వరంగల్ చౌరస్తా వెనుక గల్లీలో ఉండే మల్లికార్జున్ సేటు. ఇనుప సామాను దుకాణం ఆయనది. ఆయన ఇంటి మీటరు దేవుని అర్రలో, సరిగ్గా లక్ష్మీదేవి పటం పైన ఉండేది.

ఆ అర్రలోకి స్నానం చేయనిదే ఎవరూ అడుగుపెట్టకూడదు. నేనేమో పొద్దటి నుంచీ మురుగు మోరీలు దాటుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వచ్చేవాణ్ని. అందుకని నన్ను కిటికీ దగ్గరే ఆపేవారు. సేటు భార్య కళావతమ్మ తడి జుట్టుతో లోపల నిలబడి అంకెలు చదివేది, నేను బయట రాసుకునేవాణ్ని. నెలకు ఇరవై యూనిట్లు. ముందర గదిలో ఫ్రిజ్ కనిపిస్తూనే ఉండేది, దాని మీద కుట్టుపని గుడ్డ కూడా పరిచారు. రెండు ఫ్యాన్లు, ఒక మిక్సీ. అయినా ఇరవయ్యే. రెండేళ్లు అలాగే రాశాను, ఎందుకంటే నాకూ ఎండలో తొందరగానే ఉండేది.

ఎనభై రెండు ఎండాకాలంలో మా ఆఫీసుకు కిషన్ రావు అనే కొత్త ఇంజినీరు వచ్చాడు. నా రిజిస్టరు తిరగేసి ఆ ఇంటి దగ్గర ఆగాడు.

"ఫ్రిజ్ ఉన్న ఇంట్ల ఇరవై యూనిట్లా? సేటు నీకేం ముట్టజెప్తాండు వెంకట్రాజం?"

ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇంట్లో గ్లాసెడు మంచినీళ్లు కూడా ఎరగను నేను. నోరు తెరిచేలోపే ఆయన రిజిస్టరు మూసేశాడు. "దసరా అయినంక నేనే వచ్చి గల్లీ మొత్తం చెక్ చేస్త. ఒక్క నంబరు తప్పున్నా నెక్కొండకు ట్రాన్స్‌ఫర్ అయితవ్."

నెక్కొండ చెడ్డ ఊరేమీ కాదు, రైలు కూడా ఆగుతుంది. కానీ మా సావిత్రికి అప్పుడు మూడో నెల. ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి దవాఖానకు దగ్గర్లోనే ఉండాలని హన్మకొండ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నొప్పులు రైలు టైము చూసుకుని రావు కదా. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

ఉపాయం కూడా ఆ కిషన్ రావు నోటి నుంచే దొరికింది. మర్నాడు చాయ్ తాగుతూ ఏదో ఇంగ్లీషు పుస్తకం చదివి మాకు చెప్పాడు. ఫారిన్‌లో మీటర్లు చదవడానికి ఇళ్లలోకి పోనక్కర్లేకుండా, వీధిలో నుంచే వైర్‌లెస్ మీద అంకెలు పట్టుకునే పద్ధతి మీద పని చేస్తున్నారట. అందరూ నవ్వారు. నేను మాత్రం మా మామ ఇచ్చిన పాడైపోయిన ట్రాన్సిస్టర్ గురించి ఆలోచించాను. అది పలికి నాలుగేళ్లయింది. ఏరియల్ మాత్రం తళతళలాడుతూ ఉండేది.

ఆ నెల ట్రాన్సిస్టర్ మెడలో వేసుకుని గల్లీకి పోయాను. సెల్లులు పెట్టే చోట తమలపాకులు, సున్నం డబ్బీ పెట్టుకున్నాను. సేటు ఇంటి ముందు నిలబడి ఏరియల్ పూర్తిగా లాగి, చెవి దగ్గర పెట్టుకుని, కిటికీలో నుంచి కళావతమ్మ చూసేదాకా ఆగాను.

"ఏంది తమ్మీ అది?"

"వైర్‌లెస్ అమ్మా. ఇగ మీకు ఫికర్ లేదు. మీటరు ఎంత తిరిగిందో గోడ ఇవతలికెల్లే చెప్తది. మీరు మాత్రం ఎప్పటి లెక్క చదువుండ్రి, నేను సరిచూసుకుంట."

ఆమె లోపలికి పోయింది. "రెండు వేల నూట నలభై" అని వినిపించింది.

నేను ట్రాన్సిస్టర్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాను. "ఇది అట్ల అంటలేదమ్మా. మల్లొకసారి జూడుండ్రి."

అదేమంటుందో నేను చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిస్తే కదా. ఏరియల్‌ను లోపలికి నెట్టి మళ్లీ బయటికి లాగాను.

"రెండు వేల తొమ్మిది వందల మూడు," అంది కళావతమ్మ. ఆ గొంతు కొత్తగా ఉంది.

సాయంత్రం సేటు నా సైకిలుకు అడ్డం వచ్చాడు. డబ్బాను ముట్టుకోకుండా దూరం నుంచే చుట్టూ చూశాడు. "ఇది ఇంట్ల మాటలు గూడ వింటదా?"

"చెప్పలేం సేటూ. ఫారిన్ మాల్."

ఆ తర్వాత ఆ ఇంట్లో నెల రోజులు గుసగుసలే నడిచాయని పక్కింటివాళ్లు చెప్పారు. నాకు పాపం అనిపించలేదు, అబద్ధమెందుకు.

కానీ నా తెలివి నాకే ఎదురు తిరిగింది. మరుసటి నెల గల్లీలోకి పోతే, ఇన్నేళ్లూ నన్ను లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చిన ఇళ్లు కూడా తలుపులు తీయలేదు. మూల ఇంటి చిలుకమ్మ గడపలో కూర్చుని కాళ్లు కూడా జరపలేదు.

"డబ్బా ఉన్నది గద బిడ్డా, గాడికెల్లే చదువుకో. అట్లనే జర అడుగు, నేను పగటి పూట కన్ను మూస్తే మా కోడలు ఫ్యాన్ ఏస్కుంటాందా లేదా?"

"అది పేర్లు చెప్పదు పెద్దమ్మా. అంకెలే చెప్తది."

ముప్పై నాలుగు ఇళ్లు. ఒక్క అంకె కూడా నాకు తెలియదు. ఏరియల్ పట్టుకుని నడివీధిలో నిలబడి ఏడవాలనిపించింది. సరిగ్గా అప్పుడే ఎదురింటి విజయలక్ష్మి దర్వాజా పక్కన సుద్దముక్కతో రాసిన అంకె కనిపించింది. 1316.

"ఏందమ్మా గది?"

"మీ డబ్బా మాకు ఎక్కువ చెప్తే పట్టుకుందామని. రోజూ పొద్దున్నే మీటరు చూసి రాస్తాన్న. అందరం రాస్తానం. కళావతక్క చెప్పింది."

గల్లీ పొడుగునా చూశాను. ప్రతి దర్వాజా పక్కనా సుద్ద అంకె ఉంది. నన్ను దొంగను చేయడానికి కళావతమ్మ గల్లీ మొత్తాన్ని ఎగదోసిందన్నమాట. మనసులో ఆమెను నాలుగు తిట్టుకున్నాను. తర్వాత పక్కింటి ముందుకు జరిగి ఏరియల్ లాగి, ఓరకంట ఆ గోడ చూసి, "ఆరు వందల ఎనభై నాలుగు" అన్నాను.

విజయలక్ష్మి లోపలికి పోయి మీటరు చూసొచ్చి ముక్కున వేలేసుకుంది. "కరెక్టుగ చెప్పింది."

అలా నా వైర్‌లెస్ దసరా దాకా ఒక్క అంకె తప్పకుండా చదివింది. గల్లీ ఆడవాళ్లు దాన్ని నమ్మకపోవడం వల్లే అది నడిచింది.

దసరా వెళ్లాక కిషన్ రావు అన్నంత పనీ చేశాడు. నన్ను వెంటబెట్టుకుని నేరుగా సేటు ఇంటికే వచ్చాడు. సావిత్రికి అప్పటికి నెలలు నిండుతున్నాయి. డబ్బా ఇంట్లో దాచి రావాల్సింది, కానీ అది లేకపోతే గల్లీలో అడుగుతారని మెడలోనే ఉంచుకున్నాను. కిషన్ రావు దాన్ని ఒకసారి చూసి, పాటలు వింటూ డ్యూటీ చేస్తున్నాననుకుని మొహం చిట్లించాడు.

సేటు దుకాణంలో ఉన్నాడు. కళావతమ్మ గుమ్మంలో నిలబడింది. "చూడుండ్రి సార్. కాని తానం జేసి రావాలె."

నేను నవ్వు ఆపుకోవడానికి మోరీ వైపు తిరిగాను. కిషన్ రావు రోషం గలవాడు. బావి దగ్గర రెండు బకెట్లు పోసుకుని, సేటు తువ్వాలు చుట్టుకుని, చలికి వణుకుతూ దేవుని అర్రలోకి పోయాడు. బయటికొచ్చి రిజిస్టరు చూశాడు. మళ్లీ లోపలికి పోయి వచ్చాడు. నేను ఆ పొద్దున సుద్ద అంకె చూసి రాసిన నంబరు యూనిట్‌తో సహా సరిపోయింది.

"నువ్వు లోపలికే పోవు. నంబరు ఎట్ల తెల్సింది?" అని, తను చదివిన వైర్‌లెస్ సంగతి గుర్తొచ్చిందేమో, నా మెడలోంచి ట్రాన్సిస్టర్ లాగి వెనుక మూత తీశాడు. తమలపాకులు కింద పడ్డాయి. సున్నం డబ్బీ దొర్లుకుంటూ పోయి కళావతమ్మ కాళ్ల దగ్గర ఆగింది. నాకు నెక్కొండ స్టేషన్ కళ్ల ముందే కనిపించింది.

ఆమె వంగి డబ్బీ తీసి నా చేతిలో పెట్టింది.

"సార్, జర ఆ మూత పెట్టుండ్రి. గల్లీల ఎవలన్న జూస్తరు."

"మీకు తెల్సా అమ్మా?"

"మొదటి రోజే తెల్సింది. మా తమ్ముడు రేడియోలు బాగుచేస్తడు, సెల్లు లేని డబ్బా నాకు తెల్వదా." ఆమె మా ఇద్దరినీ చూడకుండా అర్ర వైపు చూసింది. "రెండేండ్లు తానం జేసి, దేవుని ముందట నిలవడి అబద్ధం చదివిన. మా ఆయన చెప్పుమన్నడు, చెప్పిన. నీ డబ్బా వచ్చిన నాడు నిజం చదువనీకి నాకొక సాకు దొరికింది. తర్వాత నెల అందరు తలుపులు మూస్తరని ఎరికయి, నీకు అంకెలు దొరకాలని సుద్దముక్కలు నేనే పంచిన."

నేను ఆమెను తిట్టుకున్న నాలుగు తిట్లూ గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. కిషన్ రావు జారుతున్న తువ్వాలు సరిగ్గా చుట్టుకున్నాడు. తర్వాత మూత బిగించి, ట్రాన్సిస్టర్‌ను తనే నా మెడలో వేశాడు. రిజిస్టరులో 'రీడింగు సరి' అని రాసి సంతకం చేశాడు. మిగతా ఇళ్లకు పోదామా అని నేనడిగితే, ముప్పై మూడు స్నానాలు తన వల్ల కాదన్నాడు.

దీపావళికి మూడు రోజుల ముందు హన్మకొండ దవాఖానలో మాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. మరుసటి నెల మిఠాయి పొట్లం పట్టుకుని, మెడలో ఏమీ లేకుండా గల్లీకి పోయాను. గోడల మీద సుద్ద అంకెలు ఉండనే ఉన్నాయి, ఇక డబ్బా ఎందుకనుకున్నాను.

కళావతమ్మ కిటికీలో నుంచి పొట్లం అందుకుని నా మెడ వైపు చూసింది.

"డబ్బా ఏది తమ్మీ?"

"ఇగ దాంతోని పనేమున్నదమ్మా?"

ఆమె వెనక్కి తిరిగి, సేటు భోజనం చేస్తున్న గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నీకు లేదు, నాకున్నది. వచ్చే నెల మర్వకుండ తీస్కరా. దాంట్ల సెల్లులు లేవని మా ఆయనకు ఇంక చెప్పలే."