జాజు గుర్తు

గొర్రెలు ఒరుసుకున్న రాతికి ఒక వాసన ఉంటుంది... ఉన్ని వాసన, మట్టి వాసన కలిసి. చిక్కమ్మకు ఆ వాసన మొగుడి కంబళిలోనే తెలుసు.

కురబలకోట గుట్టలో గవి ఉంది, పెద్ద రాతిగుహ. దాని గోడల నిండా ఎర్రటి బొమ్మలు. ఎద్దులు, జింకలు, చేతులు పట్టుకున్న మనుషులు. ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో. వానొస్తే ఆమె మొగుడు లింగప్ప గొర్రెలను అందులోకి తోలేవాడు.

పెళ్లయి నాలుగేళ్లు. నాలుగేళ్లూ గవి చూపించమని అడిగింది.

“ఆడోళ్లు ఆడికి రాగూడదు. గవిలో దేవుడుండాడు,” అనేవాడు లింగప్ప.

సరేననుకుంది. దేవుడి మాటకు ఎదురేముంది!

ఇప్పుడు మదనపల్లె నుంచి మిషన్ బడి టీచరమ్మ వచ్చింది. విమలమ్మ. తెల్లచీర, నోటుపుస్తకం, పెన్సిలు. “శనివారం గవి చూపిస్తావా అప్పా?” అంది.

“రాండమ్మా, నేనుండాను గదా!” అన్నాడు లింగప్ప, గంగిరెద్దులా తలూపుతూ.

మరి ఆమె ఆడది కాదా?

చిక్కమ్మ కడుపు మండింది. కుళ్లు — అవును, కుళ్లే. కుళ్లుతోనే రాగిసంగటి కెలికింది. కుళ్లుతోనే వడ్డించింది. ఆ మహానుభావుడు ఏమీ తెలియనట్టు ఇంకో ముద్ద అడిగాడు.

శుక్రవారం లింగప్ప ఉన్ని అమ్మడానికి అంగళ్లు ఊరికి పోయాడు. యుద్ధంలో సిపాయిలకు కంబళ్లు కావాలట. చిక్కమ్మ గొర్రెలకు గుర్తు పెట్టే ఎర్రమట్టి, జాజు, కలిపిన చిప్ప పట్టుకుని ఒక్కతే గుట్ట ఎక్కింది.

గవిలో దేవుడు లేడు.

గొర్రె పెంటికలున్నాయి. బొమ్మలున్నాయి. గోడ మీద అంత మంద... ఒక్కదాని వీపునా గుర్తు లేదు. గుర్తు లేని మంద ఎవరిదైనా కావచ్చు. తమ గొర్రెలకు వేసే గుర్తు రెండు గీతలు, ఒక చుక్క. జాజులో వేలు ముంచి, అన్నిటికంటే పెద్ద ఎద్దు వీపున పెట్టింది. గట్టిగా, వేలు నొప్పి పుట్టేలా.

శనివారం ఎవరూ పిలవకపోయినా నీళ్లకుండ ఎత్తుకుని వాళ్ల వెనకే వెళ్లింది.

విమలమ్మ గోడ ముందు కూర్చుని ఒక్కో గీతా పుస్తకంలోకి దించింది. పెద్ద ఎద్దు దగ్గర ఆగింది. “చూడప్పా, ఎన్ని వేల ఏండ్ల నాటిదో! రెండు గీతలు, ఒక చుక్క... దీని అర్థమేమో?”

లింగప్ప గోడను చూశాడు. పెళ్లాం వేలిని చూశాడు. గోరు సందున ఇంకా ఎరుపు.

చిక్కమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది. ఇప్పుడు చెప్పేస్తాడు. ఇద్దరూ కలిసి నవ్వుతారు... ఆ నవ్వు తను బతికినన్నాళ్లూ వినాలి.

“అదామ్మా...” అన్నాడు లింగప్ప. “తమ సొత్తు ఇంకో మందలోకి పోకుండా, ఇంటోళ్లు పెట్టుకునే గుర్తు.”

విమలమ్మ ఆ మాట కూడా శ్రద్ధగా రాసుకుంది.

గుట్ట దిగేటప్పుడు లింగప్ప వెనక్కి తిరగలేదు. కోపమో, నవ్వో — వీపు చూసి ఏం తెలుస్తుంది!

అడుగు మాత్రం చిక్కమ్మ అందుకునేలా నెమ్మది చేశాడు.