కాళ్ళు చాపుకున్న బొమ్మ

కుక్కర్ రెండో విజిల్ వేసేసరికి ఆమె చేతికున్న వాచీ విప్పి ఉప్పుడబ్బా పక్కన పెట్టేసింది, ఇక సాయంత్రం దీన్ని ఆయనకి తిరిగిచ్చేయాలని గట్టిగా అనుకుంటూ. అడుగులు లెక్కపెట్టే ఆ వాచీ మొగుడిదే, పాతది. కొత్తది కొనుక్కుని, కాస్త తగ్గవోయ్, ఫొటోల్లో నాకు చోటుండటం లేదు అని నవ్వుతూ చేతిలో పెట్టాడు. ఇంట్లో కూర్చునేదానికి ఒళ్ళు రాక ఏమొస్తుంది అని అత్తగారు అందుకుంది. ఆ వాచీకి జతగా ఫోన్లో ఉండే యాప్‌లో ఆమె బొమ్మ కూడా ఆయనే చేశాడు. పిడికెడు నడుము, నిగనిగలాడే జుట్టు, బిగుతు ప్యాంటు. రోజూ అది గంతులేస్తూ పద పరిగెడదాం అంటుంటే ఆమెకి ఒళ్ళు మండేది, సిగ్గూ వేసేది. పెళ్ళినాడు కూడా తను అలా లేదు మరి! పైగా ఎంత నడిచినా రోజుకి రెండు వేల అడుగులు దాటేవి కావు. పన్నెండు రోజులు భరించింది.

ఆ మధ్యాహ్నమే ఆడపడుచు వచ్చింది. ఆసుపత్రిలో విరిగిన కాళ్ళకి మళ్ళీ నడక నేర్పే ఉద్యోగం తనది. ఫోన్ చూసి, "ఎవరు వదినా ఈవిడ?" అంది.

"నేనేనట."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆడపడుచు అక్కడే మంచం మీద చతికిలబడి బొమ్మని మళ్ళీ మొదటినుంచి చేసింది. పాపిట్లో నెరుపు, వదులు కుర్తా, అడ్డంగా బిగించి కట్టిన చున్నీ. పొట్ట పెట్టనా అని అడిగితే, పెట్టు, దాచేదేముంది అంది ఆమె.

"కళ్ళకింద నలుపు నేనే పెట్టేశా వదినా. అడగలేదు."

ఆమె ఫోన్ అందుకుని ఆ నలుపు చూసుకుంది. ఇంత దగ్గరగా తనని ఎవరు చూశారని?

అప్పుడే ఆడపడుచు కంట ఉప్పుడబ్బా పక్కనున్న వాచీ పడింది. రోజంతా పెట్టుకునే ఉంటున్నావా అని అడిగితే, ఇల్లు తుడిచేటప్పుడు, ఉతికేటప్పుడు, మేడ మీద ఆరేసేటప్పుడు తీసేస్తానని, అది వ్యాయామం కాదుగా, పనేగా అని చెప్పింది ఆమె.

"నువ్వు నడిచేదంతా అప్పుడేగా వదినా," అంటూ ఆడపడుచు వాచీ తెచ్చి ఆమె చేతికి కట్టింది.

మర్నాడు ఆమె లేచింది మొదలు దాన్ని విప్పలేదు. సాయంత్రం ఆరింటికి, చెయ్యి తుడుచుకుని ఫోన్ చూస్తే పదిహేను వేల ఆరువందల నలభై. నెరిసిన పాపిటావిడ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చునుంది. పక్కన అక్షరాలు: ఈ రోజుకి చాలా చేశావు, కాసేపు కూర్చో. పందొమ్మిదేళ్ళలో ఈ ఇంట్లో ఎవ్వరూ ఆమెతో అనని మాట. మూడుసార్లు చదువుకుంది. కళ్ళు తడిశాయి, ఏడుపు కాదది, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు హాయిగా ఉంది. నన్ను నాలాగే చేసినందుకు థాంక్సే పిల్లా అని ఆడపడుచుకి మెసేజ్ పెట్టింది.

హాల్లోంచి ఆయన మంచినీళ్ళు అడిగాడు.

ఆమె వంటింటి మధ్యకి కుర్చీ లాక్కుని, అచ్చం బొమ్మలాగే కాళ్ళు చాపుకుంది.

"నేను కూర్చున్నానండీ. నీళ్ళు ఇక్కడే ఉన్నాయి, రండి."